నిండా ఎక్కినంక చూడల్ల

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. ఆళ్లగడ్డ నుంచి కూడా జనం వెతుక్కుంటూ వచ్చే నీ నంద్యాల సెల్‌ఫోన్ రిపేరు షాపు ఇప్పుడు టీ కొట్టయింది. నేనింకా యూనివర్సిటీ ల్యాబ్‌లో సోడియం బ్యాటరీల మీదే పనిచేస్తున్నాను.

బ్యాటరీలో పాజిటివ్ వైపు వాడే కొత్త పొడి ఒకటి తయారుచేశాం. ఎంత వేడికైనా అది చెక్కుచెదరదని మా సార్ రిపోర్టు రాసి, నన్ను సంతకం పెట్టమన్నారు. ఆయన వేడి చేసింది చార్జ్ ఎక్కని పొడిని. పెట్టనన్నాను.

ఉబ్బిన బ్యాటరీని చెంపకు ఆనించి వేడి చూసేవాడివి. ఒకటి పేలి చెంప కాలినా నీ మాట మారలేదు: "ఖాళీది ఏం చెప్తాది మే? నిండా ఎక్కినంక చూడల్ల."

ఈ రోజు బ్యాటరీని నిండా చార్జ్ చేసి, విప్పి, అందులోని పొడిని వేడి చేశాను. ఆక్సిజన్ వదిలింది. మంటకు కావలసింది అదే కదా.

"మూడేళ్ల పని మట్టిలో కలిపావు," అన్నారు సార్.

"పని మళ్లీ చేసుకుంటా సార్. కాలిన చెంప మళ్లీ వస్తాదా?" అన్నాను.

కొత్త రిపోర్టు నేనే రాశాను. మొదటి వాక్యం నీది. కింద సంతకం నాది.