నూనె వెయ్యని గాలిమర

అమ్మా,

కుర్చీ లాక్కుని కూర్చుని చదువు. మన వంశ చరిత్రలో మరపురాని ఘట్టం జరిగింది. మంగళవారం పొద్దున ఎనిమిదింపావుకి మన ముసలి పెట్ట గుడ్డు పెట్టింది! పదకొండు నెలల తర్వాత. ఊరంతా జెండాలు కట్టారు.

మిగతా అందరం బానే ఉన్నాం. అక్కడ డార్విన్ ఊళ్ళో ఉక్కకి నువ్వూ చెల్లీ కరిగిపోకుండా ఉన్నారనుకుంటా.

నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలు ఉన్నచోటే ఉంది. నువ్వల్లిన మేజోళ్ళు అందాయి, రెండూ ఎడమకాలివే. ఇక టాంసిన్ ఫ్లూటు సంగతి. అవునే, నీ మనవరాలు ఒక్కతే వాయించింది. వెనక పియానో లేదు, గియానో లేదు. పాటా కాదది. ఫ్లూటులోకి ఉత్త గాలి ఊదుతుంది, ఊదుతూనే గొంతుతో కూనిరాగం తీస్తుంది, దానిమీద వరసగా ఉండే మీటలు టకటకలాడిస్తుంది. తొమ్మిది నిమిషాలు. అంతా సొంతంగా కట్టుకుంది. "మనూరి హాల్లో నవ్వారంటే ఇంక దీన్ని ముట్టను నాన్నా" అని ముందే చెప్పేసింది.

ఇప్పుడు అసలు సంగతి. తిట్టకు. ముప్పై ఏళ్ళుగా గాలిమరలు బాగుచేసేవాణ్ణి, టకటకమంటే నా లెక్కలో అది జబ్బే. కచేరీ రోజు సాయంత్రం టాంసిన్ గౌను ఇస్త్రీ చేసుకుంటుంటే, పిల్ల పరువు పోతుందని మీటలకి నూనె చుక్కలేసి, కింద ఉన్ని ముక్కలు అంటించేశా. పిల్లి నడిచినట్టు నడిచాయి. ఎంత మురిసిపోయానో!

స్టేజీ ఎక్కి మీటలు నొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది. తలెత్తి నేరుగా నన్నే చూసింది.

"నాన్నా, నూనె వేశావా?"

"ఒక్క చుక్క."

"చుక్కేనా?"

"కాస్త ఉన్ని కూడా..."

హాలంతా ఘొల్లుమంది. నవ్వారు, అదీ నావల్ల.

అది మాత్రం ఫ్లూటు దించలేదు. పెదాలకి ఆనించి నాలుకతో కొట్టడం మొదలెట్టింది. టక్. టక్. మధ్యలో గాలి. ఆ గాలిలో సన్నగా ఓ కీచు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వెనక వరసలోంచి గొర్రెల ఆల్బీ తాత మెల్లిగా అన్నాడు: "ఒరే గార్త్, అది మీ పెరటి గాలిమర కదట్రా?"

అదేనమ్మా. ఊరందరివీ బాగుచేసి, తీరికలేక నేను వదిలేసిందే. దాని చప్పుడుకే టాంసిన్ ఉయ్యాల్లో నిద్రపోయేది. నేను సిగ్గుపడ్డ చప్పుడుని నా కూతురు స్టేజీ ఎక్కించింది. జనం లేచి నిలబడి పది నిమిషాలు చప్పట్లు కొట్టారు.

తర్వాత శాండ్‌విచ్‌ల బల్ల దగ్గర నా చెయ్యి గట్టిగా గిల్లింది. "మన గాలిమరకి గనక నూనె వేశావో, చంపేస్తా."

వెయ్యను. ఒట్టు.

సరే, ఒప్పుకుంటున్నా. గుడ్డు నిజం, జెండాలు నేను కట్టినవి. మేజోళ్ళు సరిగ్గానే ఉన్నాయి. పది నిమిషాల చప్పట్లూ అబద్ధమే. ఉన్నదే ఇరవై ముగ్గురం, లేచి నిలబడింది ఆల్బీ తాత ఒక్కడే, అదీ కర్ర పట్టుకుని. ఆయన అడిగిన మాటలో మాత్రం నేను ఒక్క అక్షరం కలపలేదు.

ఇట్లు,
టాంసిన్ వాళ్ళ నాన్న అని ఊరు పిలుస్తున్న
నీ పెద్దోడు గార్త్