సదరు అంశం

గౌరవనీయులైన పాఠశాల కార్యదర్శి గారికి,
నాటకాల టీచరు నమస్కరించి రాయునది.

మీరూ నేనూ బంధువులం కాబట్టి బడి సంగతులు నోటిమాటగా మాట్లాడుకోకూడదని, ప్రతిదీ కాగితం మీద ఉండాలని మీరు పెట్టిన నియమం ప్రకారం ఈ ఉత్తరం బడి మేడ మీది నుంచి కింద మీ ఆఫీసుకు పంపుతున్నాను.

వార్షికోత్సవానికి పదో తరగతి పిల్లలు సొంతంగా ఒక నాటకం రాసుకున్నారు. అందులో ఒక అమ్మాయికి ఇంకో అమ్మాయంటే ఇష్టం. తరగతిలో ఒకరు ఆ సంగతి గోడ మీద రాయడంతో అందరూ ఈ అమ్మాయిని ఏడిపిస్తారు. ఆమె తిండీ నిద్రా మానేసి గోడవైపు తిరిగి పడుకుంటుంది. తర్వాత తోటివాళ్ళు ఏం చేశారన్నది కథ.

ఇది మన బడిలోనే ఒక అమ్మాయికి జరుగుతోంది. ఆటల గది గోడ మీద ఎవరో ఆమె గురించి రాశారు. మీ కంట పడకముందే సున్నం కొట్టించాను. మళ్ళీ రాశారు. ఆమె బడికి వస్తోంది, కూర్చుంటోంది, వెళ్తోంది, అంతే. కౌన్సెలర్ ఆమెతో మాట్లాడుతున్నారు. పిల్లలు ఆమెను అడిగి, సరేనన్నాకే ఈ నాటకం రాశారు. అనుమతి ఇవ్వగలరు.

ఇట్లు,
నాటకాల టీచరు

తా.క.: పెదనాన్నా, మీరు కళ్ళజోడు మీద కూర్చున్నారట. కొత్తది వచ్చేదాకా నాటకం పెద్దమ్మ చేత చదివించుకోండి. మధ్యమధ్యలో ఆమెకు అర్థం చెప్పబోకండి.

*

నాటకాల టీచరు గారికి,
కార్యదర్శి వ్రాయునది.

మీ నాటకాన్ని కమిటీ చర్చించింది. నీతి బాగుందని అందరూ ఒప్పుకున్నారు. సదరు అంశం మాత్రం పెద్దలు కూర్చుని చూసే సభకు తగదని అభిప్రాయపడ్డారు. కాబట్టి కథ అలాగే ఉంచి, సదరు అంశం తీసేసి, ఆ అమ్మాయిది ఎడమచేతి వాటమని, అందుకే అందరూ ఏడిపిస్తున్నారని మార్చగలరు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: అమ్మాయీ, పెద్దమ్మ చదివింది. చదువుతూ రెండుసార్లు లేచి వెళ్ళి మొహం కడుక్కుంది. ఎండ అంది. ఇంతకీ ఎవరా పిల్ల? ఎవరికీ చెప్పనులే. కమిటీకి మాత్రం చెప్తాను.

*

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

మీరు చెప్పినట్టే మార్చి చూశాం. ఎడమచేత్తో రాసినందుకు పిల్ల తిండి మానేయడం, తల్లి ఏడవడం, డాక్టరు రావడం చూసి పిల్లలు పడీపడీ నవ్వారు. నవ్వడానికి కాదు కదా ఈ నాటకం.

ఆ అమ్మాయి పేరు చెప్పను. అది ఆమె సంగతి. చెప్పుకోవాలనుకుంటే ఆమే చెప్పుకుంటుంది. 'టీచర్, ఎవరైనా నవ్వితే చాలు, నా గురించే అనిపిస్తోంది. నవ్వంటేనే భయమేస్తోంది' అని మొన్న నాతో అంది. ఆ మాట కమిటీకి చదివి వినిపించండి.

ఇట్లు,
నాటకాల టీచరు

తా.క.: పెదనాన్నా, కోశాధికారి గారిది ఎడమచేతి వాటం. మీ చెక్కుల మీద ఆయన సంతకం చూస్తే మీకే తెలుస్తుంది.

*

నాటకాల టీచరు గారికి,

మీరు రాసింది సమావేశంలో కోశాధికారి గారిని అడిగాను. ఇన్నేళ్ళుగా ఆ సంగతి ఎవరూ గమనించలేదని ఆయన అనుకుంటున్నారట. చిన్నప్పుడు ఆ చేతిని కుర్చీకి కట్టేసేవారట. కాబట్టి ఎడమచేతిని రద్దు చేశాం.

దాని బదులు పెద్ద చెవులు అనుకున్నాం. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు గానీ అందరూ ఉపాధ్యక్షుల వారి వైపే చూడటంతో ఆయన లేచి ఇంటికి వెళ్ళిపోయారు. తర్వాత పొట్టిగా ఉండటం అనే సూచన వచ్చింది. దాన్ని నేను వ్యతిరేకించాను. కారణం రాయనక్కర్లేదు.

మీరు పంపిన మాట చదివి వినిపించాను. నిర్ణయం వాయిదా పడింది.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: ఎవరో నాకు తెలిసిపోయింది. కోశాధికారి కూతురు. మొన్న జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. పాపం ఆ తండ్రికి తెలుసో లేదో. నువ్వేం చెప్పక్కర్లేదు, నేను నా పద్ధతిలో మంచిగా ఉంటాను. ఇవాళ గేటు దగ్గర ఆపి, 'జుట్టు చాలా బాగుందమ్మా, ఎవరేమన్నా పట్టించుకోకు' అన్నాను.

*

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

జుట్టు బాగాలేదని ఎవరన్నారో తెలియక ఆ పిల్ల రోజంతా క్లాసులో ఒక్కొక్కరినే పట్టుకుని అడిగింది. వాళ్ళ నాన్న గారేమో వచ్చే కమిటీ ఎన్నికల్లో తన ఓటు కోసమే మీరు ఇంత ప్రేమ చూపిస్తున్నారని స్టాఫ్ రూములో అంటున్నారు.

ఇట్లు,
నాటకాల టీచరు

తా.క.: పెదనాన్నా, దయచేసి ఊహించడం మానేయండి. 'ఆమె కాదు' అని కూడా నేను చెప్పను. ఒక్కొక్కరినీ కాదంటూ పోతే చివరికి ఎవరు మిగిలారో చూసుకోవడం మీకు చేతకానిదేం కాదు. ఎవరో తెలియదు కాబట్టి అందరితోనూ మంచిగా ఉండండి.

ఇంకో తా.క.: అందరితోనూ అంటే, అందరినీ గేటు దగ్గర ఆపమని కాదు.

*

నాటకాల టీచరు గారికి,

అందరితోనూ మంచిగానే ఉంటున్నాను. ఉదయం పూట 'భోజనం చేశావా, నిద్రపట్టిందా' అని పదో తరగతి అమ్మాయిలందరినీ పలకరిస్తున్నాను. నాకు పెద్ద జబ్బేదో చేసిందని, అందుకే ఇలా అయిపోయానని వాళ్ళు అనుకుంటున్నట్టు అటెండరు చెప్పాడు. ఎవరో పువ్వులు కూడా టేబుల్ మీద పెట్టి వెళ్ళారు. తిరిగి ఇచ్చేద్దామంటే ఎవరో తెలియదు.

ఇక అసలు సంగతి. నిన్నటి సమావేశంలో కోశాధికారి గారు విసిగిపోయి, 'ఎవరికీ ఏ లోపమూ పెట్టకండి. ఏ లోపమూ లేని పిల్లనే ఊరికే ఏడిపించినట్టు రాయమనండి, గొడవ వదులుతుంది' అన్నారు. అందరూ ఒప్పుకున్నారు. తీర్మానం రాసేముందు మీ మొదటి నాటకం తీసి చూశాం. అందులో ఉన్నది అదే. కాబట్టి అనుమతి ఇవ్వడమైనది.

దీంతోపాటు ఇంకో తీర్మానం కూడా చేశాం. ఆ గోడ మీద రాసింది ఎవరైనా సరే, ఎవరి పిల్లలైనా సరే, తేలిన రోజునే బడి నుంచి పంపించేస్తాం. ఆ వాక్యం నేనే రాశాను.

ఇట్లు,
కార్యదర్శి

తా.క.: అమ్మాయీ, ఇది రాయడానికి చెయ్యి రావట్లేదు. రాత్రి భోజనాల దగ్గర, ఆ పిల్ల ఎవరో నీకేమైనా తెలుసా అని మన చిట్టిని అడిగాను, అదీ పదో తరగతే కదా. కంచం వదిలేసి వెళ్ళి తలుపు వేసుకుంది. కొన్నాళ్ళుగా అది సరిగ్గా తినట్లేదట, పెద్దమ్మ చెప్పింది. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉంటున్నాయి. ఊరంతా వెతికాను, నా మనవరాలే నా ఎదురుగా కూర్చుని ఉంది. నువ్వు దానికి మేనత్తవి, నీకు తెలిసే ఉంటుంది. అందుకేనా పేరు చెప్పనన్నావు?

*

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

అనుమతికి కృతజ్ఞతలు. పిల్లలకు చెప్పగానే కుర్చీలెక్కి అరిచారు. ఒక కుర్చీ విరిగింది, బాగు చేయించగలరు.

రెండో తీర్మానం మాత్రం ఇంకోసారి ఆలోచించండి. రాసినవాళ్ళు కూడా పదో తరగతి పిల్లలే అయ్యుంటారు. వెళ్ళగొడితే ఇంకో బడిలో ఇంకో గోడ దొరుకుతుంది.

ఇట్లు,
నాటకాల టీచరు

తా.క.: పెదనాన్నా, చిట్టి గురించి నేను అవుననీ కాదనీ చెప్పను. అది తినట్లేదన్న సంగతి మాత్రం నాకు తెలియదు. మాట్లాడాలనుకుంటే ముందు వినండి, తర్వాత మాట్లాడండి. మీకు కష్టమే, అయినా.

*

అమ్మాయీ,

ఈసారి కార్యదర్శి రాయడానికేమీ లేదు. ఇదంతా తా.క. అనుకుని చదువు.

నీ ఉత్తరం అందేసరికే నేను మాట్లాడేశాను. పెద్దమ్మా నేనూ ఆ సాయంత్రం అంతా ఏం చెప్పాలో అనుకున్నాం. చిట్టి గదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చుని చెప్పాను. 'నువ్వు ఎవరిని ఇష్టపడినా నాకు ఒకటే. నువ్వు నా మనవరాలివి. నిన్ను ఎవడేమన్నా నేను ఊరుకోను. ఆ గోడ మీద రాసినవాళ్ళని బడిలో ఉండనివ్వను.' అది దుప్పటి మొహం మీదికి లాక్కుంది. ఎంతసేపటికో లోపలి నుంచి, 'తాతయ్యా, ఆ అమ్మాయి నేను కాదు. రాసింది నేను' అంది.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకో తెలియదు. మళ్ళీ కూర్చున్నాను.

ఆ అమ్మాయి మన బడి జట్టు గోల్‌కీపర్ అట. అందరూ అలాగే పిలుస్తారు కదా, నేనూ అదే రాస్తున్నాను. చిన్నప్పటి నుంచీ దీని స్నేహితురాలు. అందరికన్నా ముందు దీనికే నమ్మి చెప్పుకుందట. 'నన్ను కూడా ఆమెతో కలిపి అంటారని భయమేసింది. అందరికన్నా ముందు నేనే అంటే నా జోలికి రారనుకున్నాను. సున్నం కొట్టాక ఎవరు రాశారోనని వెతకడం మొదలైంది. నన్ను అనుమానించకుండా ఈసారి దస్తూరి మార్చి మళ్ళీ రాశాను' అంది. పెద్దమ్మ దాని పక్కన కూర్చుంది గానీ దగ్గరికి తీసుకోలేదు. కాసేపయ్యాక తీసుకుంది.

మర్నాడు పొద్దున్నే కమిటీకి చిట్టి పేరు ఇచ్చి నేను బయటికి వచ్చేశాను. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు. కోశాధికారి గారు బయటికొచ్చి, బడి నుంచి పంపించడం లేదని, కొన్నాళ్ళు తరగతికి రానివ్వరని, రోజూ కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాలని చెప్పారు. నా వాక్యాన్ని ఆయన ఎడమచేత్తోనే కొట్టేశారు. ఈ విషయంలో ఇక నేను సంతకం పెట్టకూడదన్నారు. సబబే.

సాయంత్రం చిట్టిని తీసుకుని గోల్‌కీపర్ ఇంటికి వెళ్ళాను. తల్లి గుమ్మంలోనే నిలబెట్టింది. ఆ పిల్ల వచ్చి చిట్టి చెప్పినదంతా విన్నది. 'సరే, విన్నాను' అని లోపలికి వెళ్ళిపోయింది. ఇంకేమైనా అంటుందేమోనని మేం మెట్ల మీద కాసేపు నిలబడ్డాం. అనలేదు. వినడం కష్టమేనమ్మా, నువ్వు చెప్పింది నిజం.

ఇవాళ ఆ తల్లి ఆఫీసుకు వచ్చింది. కూతురు నాటకంలో వేస్తానంటోందట. ఏడిపించబడే అమ్మాయి పాత్ర వద్దట, అది ఎవరైనా వేసుకోవచ్చట. 'గోడ మీద రాసేదాని పాత్ర నాకివ్వండి. అది ఎందుకు రాసిందో నేను చూడాలి' అందట. ఆమె రిహార్సల్‌కు వచ్చినప్పుడు చిట్టి ఆ గదిలో ఉండకూడదట. చిట్టికి చెప్పాను, తలూపింది.

తర్వాత చిట్టే నాటకం ప్రతి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అందులో రాసే పిల్ల నవ్వుతూ గోడ మీద రాస్తుందని ఉందట. తను నవ్వలేదట. అక్షరాలు వంకర పోయాయట, ఎవరైనా వస్తారేమోనని తలుపు వైపే చూస్తూ రాసిందట. గోల్‌కీపర్‌కు ఆ సంగతి తెలియాలంటోంది. తను చెబితే వినదు కాబట్టి నువ్వు చెప్పు.

ఉంటాను,
మీ పెదనాన్న