హంసలదీవి మీద డకోటా

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మా చెల్లాయి ఆనాటి నుంచీ సముద్రం ఒడ్డుకి రాలేదు. నేను పిలిచీ పిలిచీ అలిసిపోయాను.

పొద్దున మన హంసలదీవి మీదుగా పాత డకోటా విమానం వెళ్ళింది. ఎవరో బాగుచేయించి మళ్ళీ ఎగరేస్తున్నారట. మబ్బుల్లో ఈదుతున్నట్టు, తొందరేమీ లేకుండా వెళ్ళింది.

ఆ రకం విమానాన్ని మొదట్లో ధనవంతులు నిద్రపోతూ ప్రయాణించడానికి కట్టారని ఎక్కడో చదివాను. యుద్ధమొస్తే సైనికుల్ని మోసిందట. ఉప్పెన తర్వాత మనకి బియ్యం మోసుకొచ్చింది. పైనుంచి విసిరిన బస్తాలు బురదలో పగిలిపోతున్నాయని, మిగిలిన ఒక్క వలనీ నువ్వు గెడలకి కట్టించావు. బస్తా వలని చింపుకుని మరీ బురదలో పడింది.

"చేపయితే ఆగేది బావా," అన్నావు నాతో. ఏడుస్తున్న ఊరు నవ్వింది.

ఇవాళ ఆ మోత విని చెల్లాయి తడి చేతులతోనే ఇసకలోకి పరుగెత్తుకొచ్చింది.

"ఏదన్నయ్యా?"

"వెళ్ళిపోయిందే. ఇంటికి పద."

"నువ్వెళ్ళు," అంది నీళ్ళకేసి చూస్తూ. "గాలి బాగుంది. కాసేపుంటాను."