సముద్రం ముక్క

డెగ్గెన్‌డార్ఫ్, జర్మనీ, ఏప్రిల్ 2021

అన్నయ్యా,

నేను బాగానే ఉన్నాను, అమ్మను బెంగపడొద్దను.

ఈ కార్డు కొన్నది కాదు. వెనకవైపు నీలం, మా పై అంతస్తులో ఉండే చిత్రకారుడు జోర్డి గారు వేసిన సముద్రం. ఆయన కాటలాన్, స్పెయిన్‌లోనే వేరే భాష వాళ్ళు. స్పెయిన్ వారా అంటే, మనల్ని హిందీవాళ్ళంటే మనకు మండినట్టే ఆయనకూ మండుతుంది. మొదట్లో మనుషుల మొహాలు వేసేవారట. పేరు తెచ్చింది మాత్రం సముద్రాలే. లాక్‌డౌన్‌లో ప్రదర్శన ఆగిపోయింది. మొన్న దానికోసం అట్ట మీద వేసిన పెద్ద సముద్రం బొమ్మను కోసి, అందరి పోస్టు డబ్బాల్లో తలో ముక్క వేశారు.

"అయ్యో, ఎందుకండీ?" అన్నాను.

"సముద్రం వేయడం వచ్చేసింది. ఇప్పుడు మన బిల్డింగ్ మెట్ల బొమ్మ వేస్తున్నా. ఎంతకీ రావడం లేదు!" అన్నారు, ఏదో శుభవార్త చెబుతున్నట్టు.

నువ్వు గుర్తొచ్చావు. ఫ్లెక్సులొచ్చాక సైన్‌బోర్డుల బ్రష్షులు అటకెక్కించావుగా. ఆ మాట చెబితే, నా ముక్క తీసుకుని సగానికి తెల్లరంగు పూసిచ్చారు. ఆ సగం నీదట.

అమ్మకు రెండో డోసు వేయించావా? వదినను కారప్పొడి పంపమను. నీ సగంలో బొమ్మ వేసి, ఆ పార్సిల్లోనే ఈ కార్డు తిప్పి పంపు. నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని గొప్పలు చెప్పాను. "అయితే అక్షరాలు వద్దను, అవి వచ్చేశాయిగా," అన్నారు జోర్డి గారు.

నీ చెల్లెలు,
ప్రత్యూష