బూటు లాక్కున్న తివాచీ

మెల్‌బోర్న్,
ఏప్రిల్ 28, 1986

డెల్మా అత్తకి,

నీ మేనకోడలు రోండా గుర్తుందా? టీవీలో వెండి గౌను వేసుకుని 'ముద్దుల టెలిఫోన్' అంటూ గెంతేది నేనే. ఆ పాప్ పాటలకో దండం పెట్టేశాను. గౌను పక్కింటి అమ్మాయికిచ్చేసి తోలు కోటు కొనుక్కున్నాను. ఇకనుంచి అసలు సిసలు రాక్ పాడతాను.

చిక్కేమిటంటే, నమ్మేవాళ్ళు లేరు. రికార్డుల కంపెనీ పాస్కో గారు నవ్వీ నవ్వీ చివరికి ఒక్క అవకాశం ఇచ్చారు. ఏదైనా పల్లెటూరి పబ్బులో పాడాలి, ఆయన దగ్గరుండి రికార్డు చేసుకుంటారు. అందులో నిజం వినిపిస్తే సరే, లేకపోతే ఒప్పందం రద్దు. ఇక బిస్కెట్ల ప్రకటనలు పాడుకుంటూ బతకాలి.

అందుకే నీ పబ్బు కావాలి. పొగ పట్టిన గోడలు, బూట్లను పట్టుకుని వదలని తివాచీ, పాట నచ్చకపోతే బీరు డబ్బాలు విసిరే గొర్రెల ఉన్ని కత్తిరించే మనుషులు. రాక్ పాడేవాళ్ళకు ఇంకేం కావాలి? జూన్ 14 శనివారం వస్తాం. నువ్వేమీ శ్రమ పడకు. ఒక్క వస్తువు కూడా మార్చకు.

ఇట్లు,
కరడుగట్టిన రాక్ మనిషి,
రోండా

తా.క.: మామయ్య పోయిన రోజున నా ఎడమ బూటు లాక్కున్న తివాచీ ఇంకా ఉందా?

*

కూండిల్లా,
మే 6

చిరంజీవి రోండాకి అత్త దీవెనలు.

నీ ఉత్తరం చదివితే తల కొట్టేసినట్టయింది. ముప్పై ఒక్కేళ్ళుగా ఈ పబ్బు నడుపుతున్నాను. తివాచీ జిగురుగా ఉందని ఒక్కరూ నోరెత్తలేదు. అందరూ గంటల తరబడి కదలకుండా ఉండేది నా మీద అభిమానంతో కాదేమోనని ఇప్పుడు అనుమానం వస్తోంది.

శ్రమ పడకు అన్నావు. మన ఇంటి ఆడవాళ్ళు శ్రమ పడకు అంటే ఏమిటో నాకు తెలియదా? మీ అమ్మ అలా అన్నప్పుడల్లా ఇల్లంతా కడిగేదాన్ని. మహిళా సంఘం వాళ్ళు పద్నాలుగు మంది బకెట్లు పట్టుకొచ్చారు. గోడలు కడిగితే మసి వెనకాల ఒక కిటికీ బయటపడింది. తివాచీ పీకించి ఊరి చెత్తకుప్ప మీద వేయించాను. డబ్బా విసిరినవాడికి క్రిస్మస్ దాకా బీరు పోయనని బోర్డు రాయించాను.

ఒక్క సంగతి. శనివారం సరిగ్గా ఎనిమిదింటికి మాంసం పళ్ళెం లాటరీ తీస్తాం, చీటీ తగిలినవాళ్ళకు పళ్ళెం నిండా సాసేజీలూ మాంసమూ ఇస్తాం. అప్పుడు నీ పాట ఆపాలి.

ఇట్లు,
శుభ్రమైన మనిషి,
డెల్మా అత్త

తా.క.: తివాచీ పీకుతుంటే నీ ఎడమ బూటు దొరికింది. పార్సిలు చేశాను.

*

మెల్‌బోర్న్,
మే 14

అత్తా, కొంప ముంచావు.

నేను పైకొకటి, లోపలొకటి పెట్టుకుని రాయలేదు. నాకు మురికే కావాలి. రాక్ కోసం ఎన్ని పాట్లు పడుతున్నానో నీకేం తెలుసు? ఎనిమిది రోజులుగా స్నానం లేదు. కోటుతోనే నేల మీద పడుకుంటున్నాను. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పక్కింటివాళ్ళు మాటలు మానేశారు. నీ మనుషుల్ని మాత్రం పాడుచెయ్యకు, వాళ్ళ నోళ్ళు వాళ్ళకుండనీ. తిట్టాలనిపిస్తే తిట్టనీ. నిన్ను కాళ్ళా వేళ్ళా పడి అడుగుతున్నాను, ఆ తివాచీ వెనక్కి తెప్పించు.

నీ,
రోండా

తా.క.: బూటు అందింది. విప్పి బల్ల మీద పెట్టాను. ఇప్పుడు దాన్ని ఎత్తితే బల్ల కూడా లేస్తోంది.

*

కూండిల్లా,
మే 22

నా తల్లీ,

స్నానానికి నీళ్ళు లేవు, పడుకోవడానికి పరుపు లేదు, పలకరించే దిక్కు లేదు. నీ ఉత్తరం బారు దగ్గర పైకి చదివితే అందరి కడుపూ తరుక్కుపోయింది. ఇంత కష్టంలో ఉండి పాట పాట అంటావేమిటే!

ఊరంతా కదిలింది. ఇప్పటికి నలభై మూడు సబ్బులు పోగయ్యాయి. కత్తిరింపు ముఠా పెద్ద మెర్వ్ నీ అవస్థ విని ముక్కు చీదుకున్నాడు. నువ్వెలా పాడినా సరే, అందరూ టైలు కట్టుకొచ్చి చప్పట్లు కొట్టాలని తీర్మానించాడు. బుధవారాలు వాళ్ళకు చప్పట్లు సాధన చేయిస్తున్నాను.

దిగులు పెట్టుకోకు.
డెల్మా అత్త

తా.క.: తివాచీ తేవడం కుదరదు. మంగళవారం మెర్వ్ వాళ్ళ మేక దానిమీద నిలబడింది, ఇంకా ఇంటికి రాలేదు. మేతా నీళ్ళూ అక్కడికే పంపుతున్నాం.

*

మెల్‌బోర్న్,
జూన్ 16

అత్తా,

అంతా అయిపోయింది. టైలు కట్టి, జుట్టు దువ్వి, ఒళ్ళో తలా ఒక సబ్బు పెట్టుకుని వరసగా కూర్చున్న వాళ్ళను చూడగానే నా రాక్ సగం చచ్చిపోయింది. పాస్కో గారు రెండో పాటకే కునుకు తీశారు. మూడో పాట మధ్యలో నువ్వు గంట కొట్టి లాటరీ డబ్బా పట్టుకుని వేదికెక్కావు. అప్పుడు నాకు పిచ్చెక్కింది.

"ఒక్కరైనా బాగాలేదని చెప్పండయ్యా!" అని అరిచినందుకు మన్నించు. "ముందు మాంసం పళ్ళెం సంగతి తేలనీవే" అని నువ్వన్నందుకు నిన్ను సాసేజీల మహారాణివని ఊరందరి ముందూ తిట్టినందుకూ మన్నించు. నువ్వు నన్ను సబ్బు మొహం చూడని దానివన్నావు, అది నిజమే. వాయించేవాళ్ళకు ఏం చెయ్యాలో తోచక, మనం పోట్లాడుకున్నంతసేపూ వాయిస్తూనే ఉన్నారు.

పాస్కో గారు దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. ఆ అరుపుల్లో మాత్రం, పాటలు పాడుతున్న ఈ మూడేళ్ళలో మొదటిసారి ఎవరూ నేర్పని గొంతుతో పాడినట్టనిపించింది. ఇక బిస్కెట్లే గతి.

నీ,
రోండా

తా.క.: స్నానం చేశాను. మొదటి సబ్బు అరిగిపోయింది, రెండోది నడుస్తోంది.

*

కూండిల్లా,
జూన్ 25

చిరంజీవి రోండాకి,

పాస్కో గారు నిన్న ఫోను చేశారు. ఫోను ఎంత మోగినా నువ్వు తీయడం లేదట. నీ రెండున్నర పాటలూ చెత్తబుట్టలో వేశారట. మన పోట్లాట మాత్రం గంట మోతతో సహా మొత్తం ఉంచారు. తన జన్మలో ఇంత నిజమైన రాక్ వినలేదంటారాయన. కారులో మాట్లాడనిది కోపంతో కాదట, చెవుల్లో ఇంకా నువ్వే మోగుతున్నావట. రికార్డు వేసి, మనిద్దరినీ పదకొండు ఊళ్ళు తిప్పుతారట. అట్ట మీద నా పేరు ముందుంటుంది. పెద్దదాన్ని కదా.

నువ్వు తిడుతుంటే నాకు ఒళ్ళు మండిన మాట నిజం. కానీ చీటీ చేతిలో పట్టుకుని, నా పిల్ల గొంతు ఇన్నాళ్ళూ ఎవరు దాచేశారా అనుకున్నాను. చప్పట్లు కొట్టాలని మెర్వ్‌కు కూడా గుర్తురాలేదు, టై ఊడదీసి విసిరాడు.

నేను ఒప్పుకున్నాను. ఏ ఊళ్ళోనైనా ఎనిమిదింటికి లాటరీ తీయాలన్నదే నా షరతు. నువ్వు రోజూ తప్పకుండా అడ్డం పడాలి.

ఇట్లు,
నీ తోటి గాయని,
డెల్మా

తా.క.: వేదిక మీద పరచడానికి తివాచీ కావాలని కంపెనీ వాళ్ళు లారీ పంపారు. నలుగురు కలిసి ఎత్తారు. మేక కూడా మనతోనే వస్తోంది.