కోహ్కా నుంచి ఒక శ్రోత

నాన్నా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడే నా రేడియో ప్రోగ్రాం ఆగిపోయింది. పదేళ్లు రాజకీయాల మీద హిందీలో మాట్లాడేను. కూలీల పక్షం, ముస్లిముల పక్షం నిలబడ్డానని పేరొచ్చింది. నేను తెలుగుదాన్నని మాత్రం ఎవరికీ తెలీనివ్వలేదు.

నువ్వొకసారి ఆ ప్రోగ్రాంకి ఫోన్ చేసేవు. ఇక్కడి స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీల గురించి హిందీలో చెప్తూ మధ్యలో "ఏటంటే" అనేసేవు. నువ్వని తెలిసీ, ఎవరో తెలీనట్టు "భాయీసాబ్, ఆప్ కౌన్?" అనడిగేను. నువ్వు మన పేట పేరు మాత్రం చెప్పి, "కోహ్కా సే ఏక్ శ్రోతా" అన్నావు. నేను ఇంటికొచ్చేక నువ్వు ఆ ఊసే ఎత్తలేదు. టీ పెట్టిచ్చేవు.

నిన్న ప్రోగ్రాంకొచ్చిన ఆఖరి ఫోన్ ఒక ముసలాయనది. ఆయనా హిందీ మధ్యలో "ఏటంటే" అన్నాడు. నా నోట్లోంచి "చెప్పండి బాబూ" అని తెలుగే వచ్చేసింది.

"నువ్వు మనోళ్ల పిల్లవా? ఇన్నేళ్లూ తెలీనేదే. ఎవలమ్మాయివి తల్లీ?" అనడిగేడు.

ప్రతివాళ్లూ గొంతెత్తి మాట్లాడాలని పదేళ్లు చెప్పినదాన్ని. నీ పేరు చెప్పకుండానే, నాన్నా, పాట వేసేసేను.