వంత లేని కథ

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈవేళే సాలూరులో ఒక కాలేజీకి కథ చెప్పడానికి వెళ్లాను. తెలుగు మేడం బోర్డు మీద కథ, పాట, నాటకం అని గళ్లు గీసి, "అమ్మా, మీ జముకుల కథను ఏ గడిలో రాయమంటారు?" అని అడిగింది.

"కతుంది, పాటుంది, ఏసాలున్నాయి. మా అక్కే లేదు. ఏ గడిలో ఎడతారో మీరే సూడండి" అన్నాను.

నువ్వు వాయించే జముకు పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను. వంశధార పొంగి, రాణి బిడ్డను నెత్తికెత్తుకుని పీకల్లోతు నీళ్లలో చిక్కుకున్నదాకా బాగానే వచ్చింది. అక్కడ నువ్వు జముకు ఆపి, "అయ్యో, ఆపైన ఏటయినాదే సెల్లీ?" అనేదానివి. ఆ మాట పడితేనే నాకు తర్వాతి చరణం నోటికొచ్చేది. అలవాటుకొద్దీ ఆగాను. పిల్లలు బుద్ధిగా నోరు మూసుకుని కూర్చున్నారు. పెద్దవాళ్లు చెబుతుంటే మధ్యలో మాట్లాడకూడదని నేర్పారు కాబోలు! మళ్లీ అదే పాదం ఎత్తుకున్నాను, మళ్లీ అక్కడే ఆగిపోయాను.

"అడగండే! ఒక్కలైనా అడగండే, మీకు దండం ఎడతాను!" అని అరిచాను.

అదీ కథలో మాటే అనుకుని చప్పట్లు కొట్టారక్కా. మేడం శాలువా కప్పింది.

ఇంటికొచ్చి, నీ జముకు ముందు కూర్చుని నన్ను నేనే అడిగి చూశాను. నా గొంతుకు కథ కదలలేదు. రాణి ఇంకా ఆ నీళ్లలోనే నిలబడి ఉంది. బిడ్డను ఎత్తిన చేతులు పడిపోతున్నాయి.

ఒక్కసారి అడగవే అక్కా.